చలిదేశంలో అరటి తోట

బ్రిటన్ పెరళ్లలో ఉష్ణమండలాన్ని తలపించే మొక్కలు మంచును తట్టుకుంటున్నాయంటే కారణం అవి ఉష్ణమండలానివి కాకపోవడమే. వాటిలో చాలా వాటి పుట్టిల్లు హిమాలయాలు. అయితే పేరు పొరబడితే మొక్క చస్తుంది, ఒక్కోసారి చట్టం అడ్డొస్తుంది, ఒక్కోసారి అసలు చెట్టే కనుమరుగవుతుంది.

తొలి మంచు ముంచుకు రాకముందే ముగించాల్సిన పని అది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ససెక్స్ కౌంటీలో గ్రేట్ డిక్స్టర్ అనే పాత బంగళా ఉంది. అక్కడి తోటలో శీతకాలానికి ముందు అరటి ఆకులు కోసేసి, మిగిలిన బోదె చుట్టూ దడి కట్టి, లోపల ఫెర్న్ మట్టలు దట్టంగా కూరడం ఆనవాయితీ. వసంతంలో ఆ మూట విప్పితే బోదె నడుమ నుంచి లేత ఆకు చుట్ట చుట్టుకుని పైకొస్తుంది. రాలేదంటే దుంప నుంచి పిలక పుట్టేదాకా ఓపిక పట్టాలి. గెల మీద మాత్రం ఎవరికీ ఆశ లేదు. ఆ అరటి కాయలు నిండా గింజలే, నోట పెట్టలేం. ఇంత చాకిరీ కేవలం ఆకు అందం కోసం.

ఆ బంగళాకు భారత్‌తో ఒక చుట్టరికం ఉంది. 1910-12 మధ్య దాన్ని బాగుచేసి, పెంచి, తోటకు రూపమిచ్చినది ఎడ్విన్ లుట్యెన్స్. ఆ వెంటనే కొత్త ఢిల్లీ నిర్మాణానికి తరలివచ్చిన లుట్యెన్స్ ఆయనే. ఆయన ప్రణాళికలోని గులాబీ తోటను దశాబ్దాల తర్వాత ఇంటి వారసుడు, ప్రసిద్ధ ఉద్యాన రచయిత క్రిస్టఫర్ లాయిడ్ పెళ్లగించేశారు. 1993లో, 72 ఏళ్ల వయసులో, ప్రధాన తోటమాలి ఫెర్గస్ గారెట్‌తో కలిసి అక్కడ అరటి, మెట్టతామర, డాలియాలతో చిట్టడవిలాంటి తోట వేశారు. గులాబీని కుటుంబ సభ్యురాలిగా చూసుకునే దేశంలో అది చిన్న తిరుగుబాటే. సంప్రదాయవాదులు నొసలు చిట్లించారు. కుర్రకారు తోటమాలులు మాత్రం వెంటపడి అనుకరించారు. లాయిడ్ 2006లో కన్నుమూసేనాటికి అరటి బోదెలు బ్రిటన్ సామాన్యుడి పెరట్లోకీ చేరిపోయాయి.

చలిదేశంలో వేడి దేశపు మొక్కల్ని ఎలా బతికించాలన్నది పైకి కనిపించే ప్రశ్న. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. చేతిలో ఉన్న మొక్క అసలు ఏది? ఏ కొండది?

ఆముదం మొక్కకు రాజభోగం

చిట్టడవి సరదా ఇంగ్లండ్‌కు కొత్తదేమీ కాదు. దానికి దారి వేసినవాడు జాన్ గిబ్సన్. డెవన్‌షైర్ డ్యూక్ కొలువులోని ఈ యువ తోటమాలి 1835లో మొక్కల వేటకు భారత్ బయల్దేరాడు. ఇప్పటి మేఘాలయలోని ఖాసీ కొండల్లో ఆర్కిడ్లను కుప్పలుగా సేకరించి ఓడకెక్కించాడు. అదే గిబ్సన్ 1860లలో లండన్ బాటర్సీ పార్కు అధికారిగా అక్కడ ‘సబ్‌ట్రాపికల్’ తోట తీర్చిదిద్దాడు. అరటి, చేమ, మెట్టతామరతోపాటు మన చేలగట్ల మీద పట్టించుకునే దిక్కులేని ఆముదానికీ అక్కడ రాజభోగం దక్కింది. లండన్ జనం వాటి పెద్ద పెద్ద ఆకులను చూడడానికి తరలివచ్చారు.

ఆ వైభవం వెనుక బొగ్గు ఉంది, చవక కూలీ ఉంది. అక్టోబర్‌లో మొక్కల్ని తవ్వి తీసి, వెచ్చగా ఉంచిన గాజు గదుల్లో ఆరు నెలలు దాచి, జూన్‌లో మళ్లీ నాటేవారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కూలీ ఖరీదైంది, గాజు గదులు శిథిలమయ్యాయి. ఆ సరదా చాలా వరకు అక్కడితో సరి. మధ్యలో 1871లో విలియం రాబిన్సన్ ఈ తరహా తోటల మీద పుస్తకమే రాసి, గాజు గదులతో పని లేకుండా చలిని తట్టుకునే పెద్దాకు మొక్కల మీద దృష్టి పెట్టాలని వాదించాడు. ఆయన మాట పూర్తిగా చెవికెక్కడానికి నూరేళ్లు పైనే పట్టింది.

1990ల తర్వాత తిరిగొచ్చిన చిట్టడవికి పునాది ఆ ఆలోచనే. ఇప్పుడు బొగ్గు లేదు, కూలీలు లేరు. ఉన్నదల్లా ఒక మామూలు ఇంటి పెరడు, దాని యజమాని. కాబట్టి మొక్క తన చలిని తానే కాచుకోవాలి.

చలి ఎక్కడ చంపుతుంది

గోదావరి జిల్లాల రైతుకు అరటి గురించి చెప్పనక్కర్లేదు. కాండంలా కనిపించే బోదె నిజానికి కాండం కాదు, ఒకదాని మీదొకటి చుట్టుకున్న ఆకు పట్టలు. అసలు ప్రాణం భూమిలోని దుంపలో ఉంటుంది. నేల పైన ఉన్నదంతా మంచుకు నల్లబడి కుళ్లిపోయినా దుంప గడ్డకట్టకుండా ఉంటే చాలు, మళ్లీ పిలక వేస్తుంది. చలిదేశంలో అరటి సాగు రహస్యం మొత్తం ఇంతే. దుంప మీద మందంగా ఎండుటాకులు పరిస్తే నేలలోని వెచ్చదనం బయటికి పోదు.

అయితే అన్ని దుంపలకూ ఆ ఓర్పు లేదు. చక్కెరకేళి, అమృతపాణి పిలకలు లండన్ పెరట్లో నాటితే మొదటి చలికాలంలోనే దుంపతో సహా కుళ్లడం ఖాయం. ఓర్పు ఉన్నది చైనా కొండల నుంచి వచ్చిన మూసా బాస్జూకి. జపాన్‌లో తరతరాలుగా పెంచడం వల్ల లోకమంతా దాన్ని జపాన్ అరటి అనే పిలుస్తోంది. జపాన్ మహాకవి బషో కలం పేరు ఈ చెట్టుదే. సున్నా డిగ్రీలకు అటూఇటూగానే దీని ఆకులు నల్లబడతాయి. కానీ ఆకుల కప్పు ఉంటే నేల కింది దుంప గాలిలో మైనస్ 10 డిగ్రీల చలినీ దాటేస్తుంది.

తాటి జాతి చెట్ల కథ దీనికి తలకిందులు. వాటి ప్రాణం పైన, మొవ్వులో ఉంటుంది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మొవ్వు కుళ్లు చూసిన కోనసీమ కొబ్బరి రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. బ్రిటన్‌లో కుళ్లుకు దారితీసేది చలి ఒక్కటే కాదు, చలితో కలిసిన తడి. మొవ్వులో నిలిచిన వాన నీరు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి లేత ఆకు మొదలును చిదిమేస్తుంది. పొడిగా ఉండే మైనస్ 8 డిగ్రీలను తట్టుకున్న చెట్టే తడితో కూడిన మైనస్ 4కు కూలబడవచ్చు. తోటమాలులు గడ్డితో మొవ్వు మూసేది వెచ్చదనం కోసమే కాదు, నీరు చొరకుండా ఉండడానికి కూడా.

ఇక ఆకు లోపల జరిగేది మరో పోరు. చలికి ముందుగా కణాల మధ్య ఉన్న నీరు గడ్డకడుతుంది. ఆ మంచు పలుకులు కణం లోపలి నీటిని బయటికి లాగేస్తాయి. అంటే చలికి చచ్చే మొక్క చాలాసార్లు ఎండి చస్తోందన్నమాట. కొండ మొక్కలు శరదృతువులో పగళ్లు కురచవుతుండగానే కణాల్లో చక్కెరలు పోగేసుకుని ఈ కరవుకు సిద్ధపడతాయి. మైదానపు మొక్కలకు ఆ విద్య రాదు, నేర్చుకోవాల్సిన అవసరం వాటికి ఎన్నడూ పడలేదు.

అందుకే చలిదేశపు చిట్టడవి మొక్కల చిరునామాలు చూస్తే ఒక వరస కనిపిస్తుంది. సిక్కిం, డార్జిలింగ్, కుమావూ, నేపాల్, చైనా నైరుతి కొండలు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. రుతుపవనాల వాన పుష్కలంగా పడే రెండు వేల మీటర్ల ఎత్తున పెద్ద పెద్ద ఆకులూ ఉంటాయి, శీతకాలపు మంచూ ఉంటుంది. మొక్క చూపులకు మలబారు, తట్టుకునే శక్తిలో మనాలి. బ్రిటన్‌కు కావలసింది సరిగ్గా అదే.

తాళపత్రాల తగవు

పేర్ల చిక్కు మొదలయ్యేదీ ఆ కొండల్లోనే. దీనికి విసనకర్ర ఆకుల ట్రాకికార్పస్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. మన తాటి చెట్టును సన్నబరచి, కాండానికి పీచు చొక్కా తొడిగితే ఎలా ఉంటుందో ఇది అలా ఉంటుంది. ఐరోపాలో ఎక్కువగా కనిపించేది చైనా రకం. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ ఫార్చూన్ 1849లో చైనా నుంచి దీన్ని లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి పంపాడు. శాస్త్రీయ నామంలో ‘ఫార్చూనై’ అన్నది ఆయన గుర్తుగానే. చైనా తేయాకు మొక్కల్ని ఈస్టిండియా కంపెనీ కోసం దొంగచాటుగా హిమాలయాలకు చేర్చిన ఫార్చూన్ కూడా ఈయనే. అదును దొరికితే మైనస్ 15 డిగ్రీల దాకా తట్టుకోగల చెట్టు ఇది.

దీనికి భారత దాయాది ఒకటుంది. ఉత్తరాఖండ్‌లోని పిథోరాగఢ్ దగ్గర తల్‌కేదార్ కొండ మీద, ఏటా మంచు కురిసే ఎత్తున పెరిగే కుమావూ తాళం. ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒదోఆర్దో బెకారీ 1905లో దీనికి ట్రాకికార్పస్ టాకిల్ అని నామకరణం చేశాడు. పుట్టిన ఎత్తును బట్టి ఇది చైనా చెట్టు కంటే గట్టిపిండమై ఉండాలని చలిదేశపు ఔత్సాహికులు ఊహించారు. అంతే, విత్తనాలకు గిరాకీ పుట్టింది. విత్తనాలూ వచ్చాయి. అయితే ‘టాకిల్’ పేరుతో ఏళ్ల తరబడి అమ్ముడైన వాటిలో చాలా భాగం నైనితాల్‌లో నాటిన చెట్లవని తర్వాత తేలింది. అవి చైనా రకానికే దగ్గరివి. కుమావూ చెట్టు పెంచుతున్నామని మురిసిన వారిలో ఎందరో పెంచుతున్నది పొరుగింటి చెట్టునే.

గుర్తుపట్టడం అంత కష్టమా? కొంచెం కష్టమే. మట్ట ఆకుతో కలిసే చోట నాలుకలాంటి చిన్న బుడిపె ఉంటుంది. నిపుణులు ముందు చూసేది దాన్నే. టాకిల్‌లో అది ఒక పక్కకు మెలి తిరిగి ఉంటుందని చెబుతారు. కాండాన్ని అంటిపెట్టుకున్న పీచు పొట్టిగా ఉందా, జులపాల్లా వేలాడుతోందా అన్నది మరో ఆనవాలు. తీరా చూస్తే ఈ లక్షణాలన్నీ చెట్టు ముదిరాకే స్పష్టపడతాయి. కొనేవాడి చేతికొచ్చేది మాత్రం జానెడు మొక్క, దాని మెడలో వేలాడే చీటీ.

విత్తనాలు కొంత నయం. చైనా రకంవి, టాకిల్‌వి మూత్రపిండం ఆకారంలో ఉంటాయి. ఖాసీ కొండల్లో, నేపాల్‌లో పెరిగే మార్షియానస్‌ రకానివి కాఫీ గింజలా నడుమ గాడితో ఉంటాయి. మార్షియానస్ తక్కువ ఎత్తుల చెట్టు, చలికి సుకుమారం. గింజ చేతిలో పట్టుకుని చూసినవాడు కనీసం ఈ పొరపాటు చేయడు.

నిపుణులే ఏమారిన సందర్భాలూ లేకపోలేదు. డార్జిలింగ్‌లోని విండమేర్ హోటల్ ఆవరణలోని తాళవృక్షాలను వచ్చేపోయే అతిథులు దశాబ్దాలుగా చూస్తూనే ఉన్నారు. అవి శాస్త్రానికి అంతవరకు పరిచయం లేని జాతివని చెప్పడానికి 1990లలో బ్రిటన్‌కు చెందిన మార్టిన్ గిబన్స్, జర్మనీకి చెందిన టోబియాస్ స్పానర్ రావలసివచ్చింది. 1997లో ఎడిన్‌బరో వృక్షశాస్త్రవేత్త హెన్రీ నోల్టీతో కలిసి వారు దానికి ట్రాకికార్పస్ లాటిసెక్టస్ అని పేరు పెట్టారు. వెడల్పాటి చీలికల ఆకుదని అర్థం. వాడుకలో విండమేర్ తాళం. 2006లో మణిపూర్‌లోని ఉఖ్రుల్ కొండల నుంచి మరో జాతి వెలుగులోకి వచ్చింది. దేశంలో ఇంత పెద్ద చెట్లకే ఇంకా పేర్లు పెట్టడం పూర్తి కాలేదంటే చిన్న మొక్కల సంగతి చెప్పేదేముంది!

పిలక ఉందా, లేదా?

అన్ని చిక్కులకూ భూతద్దం అక్కర్లేదు. కొన్నింటిని తెలుగు రైతు కన్ను ఇట్టే విప్పేస్తుంది. నర్సరీల్లో ‘అరటి’ పేరుతో రెండు వేర్వేరు ప్రజాతుల మొక్కలు దొరుకుతాయి. ఒకటి అసలైన అరటి మూసా. రెండోది ఆఫ్రికా, ఆసియాల్లో పెరిగే ఎన్సెటే. ఎర్రటి ఆకుల ఎన్సెటే చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది మామూలుగా పిలకలు వేయదు. అంటే నేలపైన చచ్చి నేల కింద బతికే వీలు దానికి లేదు. శీతకాలానికి ముందే తవ్వి ఇంట్లో దాచాలి. రెండింటికీ తేడా తెలియనివారు దుంప మీద ఎండుటాకులు కప్పి, వసంతంలో రాని పిలక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

బాస్జూకు, డార్జిలింగ్ అరటి అని పిలిచే మూసా సిక్కిమెన్సిస్‌కు మధ్య కూడా పొరపాటు మామూలే. సిక్కిమెన్సిస్ ఆకు ఈనె, అడుగు భాగం తరచు ఎర్రజీర తేలి ఉంటాయి. బాస్జూ పచ్చగా ఉంటుంది. సిక్కిమెన్సిస్ గాలికి తొందరగా చిరగదు, చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. చలికి మాత్రం బాస్జూయే మొండిదని బ్రిటన్ తోటల అనుభవం.

ఇంగ్లండ్ నైరుతి తీరంలోని టోర్కీ పట్నానికి ‘టోర్బే పామ్’ పేరు తెచ్చిన చెట్టయితే అసలు తాళజాతే కాదు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన కార్డిలైన్. నిట్టనిలువు కాండం, పైన కత్తుల్లాంటి ఆకుల గుత్తి చూసి జనం దానికి ఆ పేరు పెట్టేశారు. తేడా చలిలో తెలుస్తుంది. కార్డిలైన్ తల మాడిపోయినా మొదట్లో కొత్త చిగురు వేయగలదు. నిజమైన ఒంటి కాండపు తాళానికి ఆ అదృష్టం లేదు. పేరు తెలిసినవాడు మోడును ఏడాదిపాటు అలా వదిలేస్తాడు. తెలియనివాడు రంపం తీస్తాడు.

చట్టం చేతిలో ఆకు

పేరు తప్పినందుకు చచ్చేది మొక్కే అయితే నష్టం ఒక పెరటికే పరిమితం. మొక్క చావకపోతేనే అసలు ముప్పు.

గన్నెరా సంగతే చూడండి. పేరు వినగానే గన్నేరు గుర్తొస్తుంది గానీ రెండింటికీ సంబంధం లేదు. మనిషి గొడుగులా పట్టుకోగల రెండు మీటర్ల ఆకు దీనిది. బ్రిటన్ భవంతుల చెరువు గట్లకు ఇది విక్టోరియా రాణి కాలం నుంచీ అలంకారం. ఇందులో రెండు జాతులున్నాయని అందరూ నమ్మారు. చిలీ నుంచి వచ్చిన టింక్టోరియా దురాక్రమణ చేస్తుంది. ఐర్లండ్ పశ్చిమ తీరంలో అది పొలాలను, వాగు గట్లను ముంచెత్తింది. అందుకే ఐరోపా యూనియన్ 2017లో దాన్ని నిషేధిత జాబితాలో చేర్చింది. బ్రెజిల్ నుంచి వచ్చిన మానికాటా మాత్రం సాధువని వదిలేశారు. నర్సరీలు దాన్ని నిశ్చింతగా అమ్ముకున్నాయి.

బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ పరిశోధకులు పాత పత్రాలు తిరగేసి, మొక్కల్ని పరీక్షించి 2023 డిసెంబర్‌లో ప్రకటించిన ఫలితం తోటల యజమానులకు నిద్ర లేకుండా చేసింది. బ్రిటన్‌లో మానికాటాగా చలామణీ అవుతున్నవి మానికాటా కాదు. టింక్టోరియాతో సంకరమైన మొక్కలు. అసలు మానికాటా బ్రిటన్ చలికి తాళలేక ఎప్పుడో అంతరించినట్టుంది. నూరేళ్లకు పైగా మారుపేరుతో కాపురం చేసిన ఈ సంకరానికి ‘క్రిప్టికా’ అని పేరు పెట్టారు. మరుగున ఉన్నదని అర్థం. నిషేధిత జాతి రక్తం ఉంది కాబట్టి దానికీ అదే నిషేధం వర్తిస్తుంది. నిన్నటిదాకా తోటకు తలమానికమైన మొక్క ఒక్క చీటీ మార్పుతో నిందితుల బోనులోకి వెళ్లింది.

స్విట్జర్లండ్ కథ మరింత చేదు. ఆ దేశపు దక్షిణ కొసన ఉన్న టిచినో ప్రాంతానికి ఫార్చూన్ తాళమే చిహ్నం. పర్యాటకుల పోస్టుకార్డుల నిండా అదే. చలి తగ్గుతున్న కొద్దీ ఆ చెట్టు పక్షుల సాయంతో తోటల గోడ దాటి అడవుల్లోకి చొరబడింది. కింద నీడ పరిచి స్థానిక మొలకలను ఎదగనివ్వకుండా చేసింది. చివరికి 2024 సెప్టెంబర్ నుంచి దాని అమ్మకాన్ని స్విస్ ప్రభుత్వం నిషేధించింది. ఒకప్పుడు చలిని తట్టుకునే మొక్క కోసం వెతికిన దేశాలకు ఇప్పుడు చలి తగ్గడమే తలనొప్పి.

ఈ జాబితాలో హిమాలయాల పేరూ ఉంది. 1839లో బ్రిటన్ చేరిన హిమాలయన్ బాల్సమ్ మన కాశీతుంబకు దగ్గరి బంధువు. ఆర్కిడ్‌ను తలపించే గులాబీ పూలు చూసి మురిసి నాటారు. ఇప్పుడు వాగుల వెంట దాన్ని పీకడానికి స్వచ్ఛంద కార్యకర్తలు వేసవి సెలవులు ధారపోస్తున్నారు.

ఎవరి కొండ, ఎవరి విత్తనం

మొక్కల ప్రయాణం ఎప్పుడూ అమాయకమైనది కాదు. బ్రిటన్ తోటలను హిమాలయ రోడోడెండ్రాన్లతో నింపిన జోసెఫ్ హుకర్ 1848-50 మధ్య సిక్కింలో తిరిగాడు. అనుమతి లేకుండా టిబెట్ సరిహద్దు దాటిన వ్యవహారంలో 1849 నవంబర్‌లో సిక్కిం దర్బారు ఆయన్ను, డార్జిలింగ్ సూపరింటెండెంట్ క్యాంప్‌బెల్‌ను నిర్బంధించింది. కొద్ది వారాలకు విడిచిపెట్టినా కంపెనీ ప్రభుత్వం ఊరుకోలేదు. 1850లో సిక్కిం తరాయి ప్రాంతాన్ని కలిపేసుకుంది. డార్జిలింగ్ కోసం రాజుకు ఏటా ఇస్తున్న సొమ్మూ ఆపేసింది. పూల విత్తనాల సంచీ వెంట ఒక రాజ్యపు ముక్క కూడా వెళ్లిపోయింది.

ఆ రోజులు పోయాయి. 1992లో రియోలో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం జీవ సంపదపై ఆయా దేశాల హక్కును గుర్తించింది. దానికి అనుగుణంగా భారత్ 2002లో జీవవైవిధ్య చట్టం చేసింది. విదేశీయులు ఇక్కడి జీవ వనరులను పరిశోధనకో, వ్యాపారానికో తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి. చట్టాలకు కోరలున్నాయని 2008లో డార్జిలింగ్ కొండలు రుజువు చేశాయి. సింగలీలా నేషనల్ పార్కులో అనుమతి లేకుండా కీటకాలు సేకరించిన ఇద్దరు చెక్ దేశీయులను అరెస్టు చేసి, కోర్టులో దోషులుగా నిలబెట్టారు.

అయితే చట్టం కాపలా కాసేది విత్తనం బయటికి పోకుండా. చెట్టు కొండ మీద నిలిచేలా చూసేది ఎవరు? విండమేర్ తాళం హోటల్ తోటలో, ఐరోపా నర్సరీల్లో క్షేమంగానే ఉంది. డార్జిలింగ్, కాలింపాంగ్ పరిసరాల వాలుల్లో మాత్రం సహజంగా మిగిలిన చెట్లు బహు కొద్ది. కుమావూ తాళం అడవిలో మిగిలిన చోట్లనూ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ పేరు తప్పడం వల్ల జరిగే నష్టం నర్సరీ చీటీతో పోయేది కాదు. నైనితాల్ వీధుల్లోని చెట్లన్నీ ‘టాకిల్’ అనుకున్నంత కాలం ఆ జాతికి ఏ ఢోకా లేదనే భ్రమ ఉంటుంది. అవి కావని తేలిన రోజున మిగిలినది ఒక కొండ, దాని మీద కొన్ని చెట్లు. జాతిని గుర్తించలేనివారు దాని కొరతనూ గుర్తించలేరు.

కరివేపాకు కాపురం

వలసవెళ్లిన తెలుగువారికి ఈ తంటా మరో రూపంలో పరిచయమే. న్యూజెర్సీ నుంచి లీసెస్టర్ దాకా తెలుగు ఇళ్లలో అక్టోబర్ వస్తే కరివేపాకు కుండీ ఇంట్లోకి వస్తుంది, మే నెలలో మళ్లీ వాకిట్లోకి వెళుతుంది. బాటర్సీ పార్కు గాజు గదుల పని ఇక్కడ వంటింటి కిటికీ చేస్తుంది. కరివేప కొండ మొక్క కాదు, దానికి చలి విద్య రాదు. చలిలో ఆకు రాల్చి నిద్రపోయిన మొక్కకు రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లి పోతుంది. చలికి పోయిందనుకునే కుండీల్లో చాలా వాటిని చంపింది ప్రేమతో పోసిన నీళ్లే. ఊరి నుంచి మొక్క తీసుకెళదామంటే చట్టం అడ్డు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులు మోసే పురుగు కరివేప మీద బతుకుతుంది కాబట్టి తాజా ఆకును సైతం అమెరికా విమానాశ్రయాల్లో లాగేసుకుంటారు.

ఈ మొక్క శాస్త్రీయ నామంలోని ‘కోనిగై’ వెనుక ఉన్నది యోహాన్ కోనిగ్. తరంగంబాడి డేనిష్ మిషన్ వైద్యుడిగా వచ్చి, దక్షిణ భారత మొక్కలకు ఐరోపా పేర్లు సంపాదించిపెట్టిన ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. తెలుగునేలలో కలిసిపోయిన మనిషి పేరు తెలుగువారి కుండీతో పాటు ఏటా చలికాలం ఇంట్లోకి వస్తోందన్నమాట.

జూదం ఆగదు

ఎంత తెలిసినా చలిదేశపు చిట్టడవి ఒక జూదమే. సిల్లీ దీవుల్లోని ట్రెస్కో అబ్బే తోటను 1834లో మొదలుపెట్టారు. గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చదనంలో ఒకటిన్నర శతాబ్దం వర్ధిల్లిన తోట అది. 1987 జనవరిలో పడిన మంచుకు మొక్కల్లో సింహభాగం మాడిపోయింది. మూడేళ్లకు 1990 జనవరి తుపాను గాలికి అడ్డుగా నిలిచిన చెట్ల వరసలనూ పడగొట్టింది. 2010 డిసెంబర్ బ్రిటన్‌లో 1910 నుంచి ఉన్న రికార్డుల్లోకెల్లా అతి చల్లని డిసెంబర్. 2022లో అయితే జూలైలో 40 డిగ్రీలు దాటిన ఎండ, డిసెంబర్‌లో గడ్డకట్టించిన చలి ఒకే ఏడాది వచ్చాయి. భూమి వేడెక్కుతోంది కదా అని నాటిన మొక్కలకు సగటు ఉష్ణోగ్రతతో పనిలేదు. ఏ మొక్కకైనా చావు బతుకులు తేల్చేది పదేళ్లకోసారి వచ్చే ఒక్క రాత్రే.

అయినా వసంతం రాగానే నర్సరీల ముందు కార్లు బారులు తీరుతాయి. మాడిన చోట మళ్లీ నాటుతారు. ఈసారి కాస్త తెలివిగా, గింజ ఆకారం చూసి, ఆకు అడుగు తిప్పి, పిలక ఉందో లేదో చూసి, ఏ కొండ మీది విత్తనమని అడిగి మరీ కొంటారు. తల్‌కేదార్ కొండ పేరు పిథోరాగఢ్ దాటితే మన దేశంలో ఎందరికి తెలుసో గానీ, ససెక్స్ పెరళ్లలో తాళం మొక్క మొవ్వుకు గడ్డి కట్టే ఔత్సాహికులకు మాత్రం కంఠతా వచ్చు. తమది నిజంగా ఆ కొండ చెట్టేనా అన్న అనుమానం వారిని ఇంకా పీడిస్తూనే ఉంది. ఆ అనుమానం కొండ కింద ఉన్నవారికీ ఉంటే చెట్టుకు మేలు.